మరిచిపోవాల్సిన ఏడుపు

థీసిస్ మొదట్లో కృతజ్ఞతల పేజీ ఒకటి ఉంటుంది. అది ఒక్క పేజీ దాటకూడదని విశ్వవిద్యాలయం నియమం. అందరూ ముందు గైడుకు, తర్వాత అమ్మానాన్నలకు, ఆ తర్వాత దేవుడికి వరసగా దండాలు పెట్టి, మిగిలిన రెండు లైన్లలో స్నేహితుల్ని ఇరికిస్తారు. నేనూ అలాగే రాశాను. కానీ నేను అందరికంటే ఎక్కువ రుణపడ్డ మనుషుల పేర్లు అందులో రాయకూడదు. అదీ నియమమే. ఆ నియమం రాసిన కమిటీలో నేనూ ఉన్నాను కాబట్టి ఎవర్నీ తిట్టుకోవడానికి లేదు. అందుకే ఇక్కడ, పేర్లు మార్చి, కథగా చెబుతున్నాను.

కథలో నా పేరు నవనీత. కంప్యూటర్ సైన్సులో పరిశోధన చేస్తున్నాను. నా అంశం యంత్రాలకు మరపు నేర్పడం. ఈ సంగతి హన్మకొండలోని మా ఇంట్లో చెప్పిన రోజున అమ్మ కూరగాయలు తరుగుతూ, "మర్చిపోవుడు నేర్పనీకి అంత చదువెందుకే? మీ నాయన దగ్గర నాల్గొద్దులు కూసో, అంతా వస్తది" అంది. పాల ప్యాకెట్ కోసం వెళ్లిన నాన్న సరిగ్గా అప్పుడే ఉత్త చేతులతో గుమ్మంలోకి వచ్చాడు.

మా గైడు సుదర్శనాచారి సార్. ఆయన ల్యాబులో తయారైన వస్తువు పేరు 'చెవి'. అరచేతిలో పట్టేంత బిళ్ల. పసిపిల్లల తొట్టెల గొలుసుకు కట్టేస్తే పిల్లల ఏడుపు వింటూ కూర్చుంటుంది. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు ఒక్కోసారి ఊపిరి ఉన్నట్టుండి ఆగిపోతుంది. ఆస్పత్రి యంత్రాలు ఊపిరి ఆగాక మోగుతాయి. ఆగడానికి కాసేపు ముందే ఆ పిల్లల ఏడుపులో మనకు వినపడని వణుకు ఒకటి మొదలవుతుందని సార్ కనిపెట్టారు. అది వినగానే చెవి కేక వేస్తుంది. ముందే తెలిస్తే పెద్ద వైద్యమేమీ అక్కర్లేదు, బిడ్డ అరికాలు గట్టిగా రుద్దితే చాలు, ఊపిరి గాడిలో పడుతుంది. కేక మాత్రం ఫయాజ్ వాళ్ల అమ్మది. ఫయాజ్ మా ల్యాబులో బిళ్లలు తయారుచేసేవాడు. మొదట్లో పెట్టిన మర గొంతును ఎవరూ లెక్కచేయలేదు. వాళ్ల అమ్మ చేత తిట్టినట్టు చెప్పించి పెట్టాక, జిల్లా అంతా ఉలిక్కిపడి లేవడం మొదలుపెట్టింది.

చెవి ఈ విద్యను పిల్లల దగ్గరే నేర్చుకుంది. ఎన్నో ఇళ్లవాళ్లు తమ పిల్లల ఏడుపులు రికార్డు చేసుకోనిచ్చారు. ఆ పిల్లల్లో కొందరు బతికారు, కొందరు లేరు. ప్రతి ఇంటికీ మేం ఒక మాట ఇచ్చాం. ఎప్పుడైనా సరే, వద్దు అనిపిస్తే ఒక్క ఫోన్ చేయండి, మీ బిడ్డ ఏడుపును యంత్రం మరిచిపోయేలా చేస్తాం, ఎందుకని అడగం అని. చెప్పడం తేలికే. పులిహోర కలిపాక అందులోంచి ఒక్క చెట్టు చింతపండు పులుపు మాత్రం వెనక్కి తీయమంటే ఎలా ఉంటుందో, అలాంటి పని అది. ఆ పని ఎలా చేయాలన్నదే నా పరిశోధన. దానికంటే ముందు చిన్న ప్రాజెక్టు ఒకటి చేశాను. చెవి కేక వేసినప్పుడల్లా, ఎవరి ఏడుపు విన్నందువల్ల దీన్ని గుర్తుపట్టిందో చూపిస్తుందది. పేర్లుండవు, నంబర్లే. సార్ దాన్ని ముద్దుగా 'దండాల పట్టిక' అనేవారు.

ఆ ఎండాకాలం మా అక్క స్వరూప పురుడుకు ఇంటికొచ్చింది. ఎనిమిదో నెల నడుస్తుండగానే నొప్పులొచ్చి ఆడపిల్ల పుట్టింది. ఇంకా పేరు పెట్టలేదు, బుజ్జి అని పిలిచేవాళ్లం. ఆస్పత్రి నుంచి పంపిస్తూ డాక్టర్లు మందు రాసిచ్చారు, ఊపిరి కనిపెట్టుకుని ఉండమన్నారు. నేను తొట్టెలకు చెవి కట్టాను. "నా మనవరాలికి నీ పరీక్షలేందే?" అని అమ్మ సణిగింది.

ఒకరోజు పొద్దున అమ్మ బుజ్జికి స్నానం చేయించి, సాంబ్రాణి పొగ వేసి, తొట్టెలలో పడుకోబెట్టింది. బుజ్జి సన్నగా ఏడ్చింది. "నిద్ర ఏడుపు, గంతే" అంటూ అమ్మ నీళ్లకాగు తీయడానికి వెళ్లింది. ఆ మాట ఇంకా పూర్తి కాకముందే ఫయాజ్ వాళ్లమ్మ గొంతు ఇల్లు ఎగిరిపోయేలా అరిచింది: "లెవ్వుండ్రి! బిడ్డను సూడుండ్రి! కాలు రుద్దుండ్రి!" అక్క తను బాలింతనన్న సంగతి కూడా మరిచి ఒక్క ఉరుకులో వెళ్లి అరికాలు రుద్దింది. బుజ్జి పెదాలు అప్పటికే నీలంగా మారుతున్నాయి. మరోసారి రుద్దేసరికి పెద్దగా గాలి పీల్చుకుని కెవ్వుమంది. ఆ కెవ్వు వినగానే అమ్మ అక్కడే నేలమీద కూలబడి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఇన్నాళ్లూ తెర మీద గీతలుగా చూసిన విషయం అప్పుడే నాకు నిజంగా అర్థమైంది.

ల్యాబుకు వెళ్లి దండాల పట్టిక తెరిచాను. మామూలుగా అందులో పదుల కొద్దీ నంబర్లు ఉంటాయి. ఆరోజు ఒక్కటే ఉంది, ఎనభై ఏడు. బుజ్జిది చాలా అరుదైన తీరు ఏడుపు. మా దగ్గరున్న వేల ఏడుపుల్లో అలాంటిది ఇంకొకటే ఉంది. ఆ ఎనభై ఏడో బిడ్డ బతకలేదు.

ఇంటికొచ్చి చెబితే అక్క చాలాసేపు బుజ్జిని చూస్తూ ఉండిపోయింది. "ఎవ్వల బిడ్డనే అది?" అంది.

"చెప్పకూడదక్కా."

"నాకు వాళ్ల కాళ్లు మొక్కాల్నని ఉన్నది."

"మొక్కకూడదు కూడా. నియమం."

"నీ నియమాలు నువ్వే ఉంచుకో" అని విసుక్కుంది. ఆ రోజు నుంచి దేవుడికి దీపం పెట్టేటప్పుడు ఎనభై ఏడుకు కూడా ఒక దండం పెట్టేది. అమ్మ ఏమీ అనేది కాదు, తనూ పెట్టేది.

తర్వాత కొద్ది రోజులకే ల్యాబుకు ఫోన్ వచ్చింది. ఒక అమ్మాయి గొంతు. తనకిచ్చిన నంబరు చెప్పి, "మా పాప ఏడుపు తీసెయ్యుండ్రి" అంది. ఎందుకో చెప్పలేదు. నేను "సరేనండీ, తీసేస్తాం" అన్నాను. ఫోన్ పెట్టేసింది. నంబరు ఎనభై ఏడు.

నా పరిశోధనకు వచ్చిన మొట్టమొదటి నిజమైన కోరిక అది. నాలుగేళ్లుగా దానికోసమే ఎదురుచూశాను. ఇప్పుడు అది ఇలా వచ్చింది.

సార్ దగ్గరికి పరుగెత్తాను. ఆయన ఫ్లాస్కులోంచి టీ పోసిచ్చి నేను చెప్పిందంతా విన్నారు. "సార్, బుజ్జి ఏడుపు రికార్డయింది కదా. దాని బదులు ఇది పెట్టి నేర్పిస్తే?" అన్నాను.

"బుజ్జి ఏడ్చింది, మీ అక్క కాలు రుద్దింది, బతికింది" అన్నారు సార్. "రుద్దకపోతే ఏమయ్యేదో యంత్రానికి తెలియదు కదమ్మా. నీలం పెదాలు నువ్వు చూశావు, అది చూడలేదు. ఏమీ జరగని ఏడుపు కింద రాసుకుంటుంది. మనం కాపాడిన పిల్లలు దానికి ఏమీ నేర్పరు, నవనీతా. పోయిన పిల్లలే నేర్పుతారు."

మేం చేస్తున్న పని మీదే నాకు కోపం వచ్చింది. "మరి ఆవిడకు విషయం చెప్పి బతిమాలితే?"

"బతిమాలం. కారణం అడగమని మాటిచ్చాం. అడిగినా, ఒప్పించినా, రేపు ఏ తల్లీ మనల్ని నమ్మదు. నెల రోజుల్లోపు తీసేయాలి. తీసేశాక ఇంటికి వెళ్లి, తీసేశామని రుజువు చూపించి రావాలి. ఆ పని నువ్వే చేయాలని లేదు, ఫయాజ్‌కు అప్పగిస్తాను కావాలంటే" అన్నారు. గొంతు కఠినంగానే ఉంది కానీ, టీ కప్పు బల్ల మీద పెట్టబోయి ఫ్లాస్కు మూత మీద పెట్టారు.

ఇంట్లో చెప్పక తప్పలేదు. చెవిని నమ్ముకుని వాళ్లు కంటిమీద కునుకు తీస్తున్నారు. ఇక ఈ చెవి మన బుజ్జికి పనిచేయకపోవచ్చని నేను అనగానే అక్కకు విషయం అర్థమైపోయింది. "వాళ్లు తీసెయ్యమన్నరా?" అంది. నేను మాట్లాడలేదు. మా అక్కకు నా మౌనం చిన్నప్పటి నుంచీ అచ్చుతప్పు లేకుండా చదవడం వచ్చు.

అమ్మ మాత్రం ఊరుకోలేదు. "తీసేసినమని చెప్పు, తియ్యకు. బుజ్జికి ఆర్నెల్లు దాటనియ్యి, అప్పుడు తియ్యి. ఎవ్వలకు తెలుస్తది? యంత్రం పోయి చెప్తదా?"

నిజం చెబుతున్నాను, ఆ మాట నా మనసులో అంతకుముందే పుట్టింది. అమ్మ నోట్లోంచి వచ్చేసరికి దానికి బలం వచ్చింది. ఆర్నెల్లు ఎంతలో పోతాయి? ఆ తల్లికి పోయేదేముంది? ఇలాంటి లెక్కలు నాకు బాగా వచ్చు, లెక్కల్లోనే కదా చదువంతా.

అక్క బుజ్జిని భుజాన వేసుకుని అటూ ఇటూ తిరుగుతోంది. ఆగింది. "అమ్మా, గామె బిడ్డ గామెదే. సచ్చిపోయినా గామెదే. నా బిడ్డ కోసం గామె బిడ్డను దొంగతనంగ దాసిపెట్టుకుంటే, రేపు నా బిడ్డ మొకం నేనెట్ల సూడాలె?" అంది. తర్వాత నా వైపు తిరిగి, "నువ్వు తీసెయ్యి. మనం వంతులేసుకుని మేల్కుంటం. వెనకట చెవులున్నయా, బిళ్లలున్నయా?" అంది. అలా అంటున్నప్పుడు కూడా ఆమె బుజ్జి అరికాలు రుద్దుతూనే ఉంది. వెనకటి రోజుల్లో ఎంతమంది పిల్లలు పోయేవారో అక్కకూ తెలుసు. ఆ క్షణంలో మా అక్క మీద నాకు కలిగిన గౌరవాన్ని ఏ పేజీలోనూ పట్టించలేను.

మరపు పని నేనే చేశాను. చేసిన తర్వాత పరీక్ష ఉంటుంది. తీసేసిన ఏడుపును చివరిసారిగా యంత్రానికి వినిపించి, కొత్తగా విన్నట్టే ఉందా అని చూడాలి. ముందు, తీయకమునుపు వినిపించాను. తెర మీద 'ఊపిరి ఆగబోతోంది' అని వచ్చింది. తీశాక మళ్లీ వినిపించాను. యంత్రం కాసేపు ఆలోచించి 'ఆకలి' అంది.

ఫయాజ్ లేచి బయటికి వెళ్లిపోయాడు. సార్ తెర వైపు చూస్తూ, "నీ సిద్ధాంతం నిలబడింది" అన్నారు. అభినందనలు అనే మాట ఆయన నోట్లోంచి రాలేదు, వచ్చినా నాకు వినపడేది కాదేమో. తర్వాత మా దగ్గరున్న అసలు రికార్డును కూడా చెరిపేశాను. ఇక ఆ ఏడుపు మా దగ్గర ఎక్కడా లేదు.

ఇంట్లో వంతులు మొదలయ్యాయి. నేను, అమ్మ, నాన్న, బావ, అక్క. ఏదీ గుర్తుండని నాన్న తన వంతు ఒక్కసారి కూడా మరిచిపోలేదు. బుజ్జి చిన్నగా మూలిగినా అందరం దాని కాలి మీద పడేవాళ్లం. దాని అరికాళ్లు ఎర్రగా కందిపోయాయి.

రుజువు చూపించడానికి వెళ్లాల్సిన రోజు వచ్చింది. పరకాల దగ్గర ఒక ఊరు. నేను బయలుదేరుతుంటే అక్క బుజ్జిని ఎత్తుకుని చెప్పులు వేసుకుంది.

"నువ్వెక్కడికి?"

"నీతోటి. దండం పెట్టొస్త."

"అక్కా, నియమం..."

"నేను నీ ల్యాబుల సంతకం పెట్టలే. పనైపోయింది గదా, ఇగ నేను అడిగేదేం లేదు. థాంక్స్ చెప్పనీకి ఎవ్వల పర్మిషన్ గావాలె?"

సార్‌కు ఫోన్ చేశాను. ఆయన అంతా విన్నారు. చివరికి, "మీ అక్క నా విద్యార్థి కాదు కదా. ఆవిడను ఆపే అధికారం నాకు లేదు" అన్నారు.

రేకుల ఇల్లు, వాకిట్లో మల్లె పందిరి. తలుపు తీసిన అమ్మాయి పేరు భాగ్య. ఇరవై రెండేళ్లుంటాయేమో. వెనకాల గోడకు ఆనుకుని వాళ్ల అత్త కొమురమ్మ, చేతిలో చాట. అక్క చంకలోని బుజ్జిని చూడగానే భాగ్య రెండడుగులు వెనక్కి వేసింది. నాకు చివుక్కుమంది. తీసుకురాకుండా ఉండాల్సిందనుకున్నాను.

నేను ల్యాప్‌టాప్ తెరిచి చూపించాను. ముందు యంత్రం ఏమంది, తర్వాత ఏమంది. "మీ పాప ఏడుపు ఇప్పుడు దానికి తెలియదు. మా దగ్గరున్నదీ చెరిపేశాం" అన్నాను. భాగ్య తల ఊపింది. కళ్లలో నీళ్లు తిరిగాయి కానీ ముఖంలో ఏదో బరువు దిగినట్టే కనిపించింది.

"ఇగ ఏ పిల్లకు ఏం గాదు గదా మేడం?" అంది.

నాకు అర్థం కాలేదు. అప్పుడు కొమురమ్మ అందుకుంది. "సచ్చిన పిల్ల అంగీ బతికున్న పిల్లకు తొడుగుతరా బిడ్డా? తొట్టెల గూడ ఎవ్వలకియ్యం. మరి మా పిల్ల ఆఖరి ఏడుపు ఊరూరి తొట్టెలలకు కడుతున్నరని ఆశా వర్కరు చెప్పింది. మా ఇంట్ల అరిష్టం పదిండ్లకు అంటియ్యొద్దని నేనే ఫోన్ చెయ్యమన్న."

నేను ఇన్ని రోజులూ ఆ ఫోన్ వెనక కోపం ఉందనుకున్నాను, మా మీద అపనమ్మకం ఉందనుకున్నాను. వాళ్లు భయపడింది మాలాంటి ఇళ్లలోని పిల్లల కోసం.

అక్క ముందుకు వెళ్లి భాగ్య ఎదురుగా కూర్చుంది. "చెల్లే, ఒక్క మాట. ఇది నా బిడ్డ. పోయిన నెల దీని పానం పోతుండె. చెవి ఒర్రింది, నేను కాలు రుద్దిన, బతికింది. గా ఏడుపు గుర్తువట్టుడు దానికి ఎవ్వలు నేర్పిండ్రో ఎరుకేనా? నీ బిడ్డ. నీ బిడ్డ ఒక్కతే. వేలమంది పిల్లలల్ల గా సంగతి నీ బిడ్డకే ఎరుక. అరిష్టం గాదు చెల్లే. నీ బిడ్డ నా బిడ్డకు పానం పోసింది. గిది చెప్పిపోదామనే వచ్చిన, ఇంకేం అడగనీకి రాలే."

భాగ్య కదలలేదు. "నా బిడ్డ... పిల్లను బతికిచ్చిందా?" అంది. మళ్లీ నా వైపు తిరిగి అడిగింది. అవునన్నాను. "మరి ఎందుకు తీసేసిండ్రు?"

"మీరు అడిగారు కదమ్మా. ఎందుకని అడగమని మాటిచ్చాం."

"అడగొచ్చు గద మేడం" అంది ఏడుస్తూ. "ఒక్కసారి అడగొచ్చు గద. మళ్ల పెట్టుండ్రి. ఇప్పుడే పెట్టుండ్రి."

"లేదమ్మా. మా దగ్గర ఇక లేదు." ఈ మాట చెప్పడం నా నాలుగేళ్ల చదువులో అన్నిటికంటే కష్టమైన పని. మరపు ఇంత బాగా నేర్పినందుకు నన్ను నేను తిట్టుకున్నాను.

కొమురమ్మ చాట కింద పెట్టింది. మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచి లోపలికి వెళ్లింది. పెట్టె మూత తీసిన చప్పుడైంది. తిరిగి వచ్చినప్పుడు చేతిలో చిన్న గుడ్డమూట. విప్పింది. లోపల పాత తరం చెవి ఒకటి, తెగిన తొట్టెల తాడు ముక్కతో సహా. వాటికి కేక వేయడం ఇంకా రాదు, నెట్ కూడా ఉండేది కాదు, విన్నదంతా లోపలే దాచుకునేవి. మేం వైరు పెట్టి కాపీ చేసుకుని, బిళ్లను వాళ్లకే వదిలేసి వచ్చేవాళ్లం. ఎవరైనా దాచుకుని ఉంటారని నేను కలలో కూడా అనుకోలేదు.

"అంగీలు, తొట్టెల, గిలక్కాయ, అన్నీ నేనే పూడ్పిచ్చిన" అంది కొమురమ్మ, కోడలి ముఖం చూడకుండా. "ఇది గూడ వాగుల పారేసిన అని చెప్పిన. చెయ్యి రాలే."

భాగ్య అత్తను చూసింది, బిళ్లను చూసింది. తన ఇంట్లోనే ఇన్ని రోజులూ తన బిడ్డ గొంతు ఉందని ఆమెకు అప్పుడే తెలిసింది.

ఫయాజ్ గట్టిగా కట్టిన బ్యాటరీ కాబట్టి కాసేపు చార్జి పెట్టగానే లేచింది. వైరు కలిపాను. అంతా ఉంది. "వినకపోయినా పర్వాలేదమ్మా, నేను కాపీ చేసుకుని వెళ్తాను. బిళ్ల మీ దగ్గరే ఉంటుంది. ఎంతవరకు తీసుకోమంటారో మీరే చెప్పండి" అన్నాను.

"ఇనిపియ్యుండ్రి" అంది భాగ్య.

మొదటి నుంచి పెట్టాను. నేను భయపడ్డ ఏడుపు రాలేదు ముందు. వెక్కిళ్లు వచ్చాయి. చప్పరించిన చప్పుడు. ఆ తర్వాత భాగ్య గొంతే, నవ్వుతూ, "ఓ పోరీ, ఎవ్వతెవే నువ్వు? గింత ముక్కు ఎక్కడ దెచ్చినవే?" అంది. వెనకాల ఎక్కడో కొమురమ్మ, "దిష్టి తాకుతది, ఊకో" అని కసిరింది. వాకిట్లో కూర్చున్న భాగ్య ఏడుపులోనే పక్కున నవ్వింది. కొమురమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

"మొత్తం తీస్కపోండ్రి" అంది భాగ్య. "ఏడుపు ఒక్కటే ఎందుకు? ఎక్కిళ్లు గూడ తీస్కపోండ్రి. ఏ పిల్లకు ఏది పనికొస్తదో ఎవ్వలకెరుక?"

నేను రెండు చేతులూ జోడించాను. అక్క భాగ్య చేయి పట్టుకుని కూర్చుంది.

ల్యాప్‌టాప్‌లో పాప ఏడవడం మొదలుపెట్టింది. ఆకలి ఏడుపు, గట్టిగా, హక్కుగా. అది వినగానే అక్క ఒళ్లో బుజ్జి కూడా అందుకుంది. రెండు ఏడుపులూ కలిసి ఏది ఎవరిదో తెలియకుండా పోయాయి. భాగ్య రెండు చేతులూ చాపింది. అక్క బుజ్జిని ఆ చేతుల్లో పెట్టింది.

"ఊకో బిడ్డా" అంది భాగ్య, దాన్ని గుండెకు హత్తుకుంటూ. "అమ్మ ఈడనే ఉన్నది. ఊకో."